అట్టపెట్టె అడిగితే కాదనకండి



గత నెల మన క్యాంపస్‌లో జరిగిన సైన్స్ ఎగ్జిబిషన్‌కి మీలో చాలామంది వచ్చారు. ఎండలో నిలబడి, ఓపికగా ప్రతి బల్ల దగ్గరా ఆగి, పిల్లలు చెప్పేది విన్నారు. ఆ రోజు నేను చేసిన ఒక పొరపాటు గురించి మీకు చెప్పాలి. మీ దగ్గర ఒక మాట అడగాలి కూడా. పొరపాటు చెప్పకుండా ఆ మాట అడిగితే బాగుండదు.

ఏడో తరగతి బల్లల మీద డ్యాములు, గాలిమరలు, సోలార్ ఇళ్లు ఉన్నాయి. రంగుల లైట్లు, మెరిసే కాగితాలు. వాటి మధ్య ఒక అమ్మాయి చెప్పుల పెట్టె పట్టుకొని నిలబడింది. పెట్టె చుట్టూ సెల్లోటేపు, ఒక మూల ఫెవికాల్ మరక. అది పిన్‌హోల్ కెమెరా. ఇంగ్లీషులో వివరించమన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. నా కాగితం మీద ‘నీట్‌నెస్’కి రెండు, ‘ప్రెజెంటేషన్’కి రెండు తగ్గించి, పదికి ఆరు వేశాను. పక్క బల్ల మీద లైట్లు వెలుగుతున్న డ్యాముకి తొమ్మిది వేశాను.

అరగంట తర్వాత ఆ అమ్మాయి మామ్మగారు వచ్చారు. తల మీద నల్లటి దుప్పటి కప్పుకొని పెట్టెలోకి చూశారు. "ఓలమ్మో! చెట్టూ మనుషులూ తలకిందలైపోనారేటే?" అన్నారు. ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "వెలుతురు తిన్నగానే వత్తాది మామ్మా, వంకర తిరగదు. చెట్టు పైనించొచ్చే వెలుతురు బెజ్జంలోంచి కిందకి పోతాది, కిందనించొచ్చేది పైకి పోతాది. అందుకే తలకిందలు" అంది. అంతటితో ఆగలేదు. ముందు మేకుతో బెజ్జం చేస్తే బొమ్మ అలికేసినట్టు వచ్చిందట. తర్వాత సన్నటి సూదితో చేస్తే బొమ్మ సరిగ్గా వచ్చింది కానీ చీకటిగా ఉందట. మూడో పెట్టెకి గుండుసూది వాడితే కుదిరిందట.

నేను పక్కనే నిలబడి విన్నాను. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. బెజ్జం సైజు మారితే బొమ్మ ఎలా మారుతుందో ఆ అమ్మాయి మూడు పెట్టెలు చేసి తెలుసుకుంది. డ్యాము తెచ్చిన బాబుని, ఈ లైటు ఎలా వెలుగుతోంది నాన్నా అని అడిగాను. "షాపులో అంకుల్ పెట్టారు మేడం" అన్నాడు. వాడి తప్పేం లేదు. నేను ఏదానికి మార్కులు వేస్తానో మీకు తెలుసు కాబట్టి అదే కొనిచ్చారు.

మరుసటి సోమవారం క్లాసులో ఆ అమ్మాయికి మార్కులు సరిచేశాను. ఎందుకు సరిచేశానో పిల్లలందరి ముందూ చెప్పాను.

కొనిచ్చేది ప్రేమతోనే

మీరు ఎందుకు కొంటారో నాకు అర్థమవుతుంది. మీలో చాలామందికి పొద్దున్న బస్సుకి పిల్లల్ని ఎక్కించి, డ్యూటీకి వెళ్లి, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే జీవితం. కొందరు నాన్నగార్లు విశాఖలోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరంగా గల్ఫులోనో ఉంటారు. ఫోనులోనే హోంవర్కు అడుగుతారు. ‘ఇంత ఫీజు కడుతున్నాం, రెండు వందల దగ్గర తక్కువెందుకు చెయ్యాలి’ అనుకుంటారు. మా పిల్లాడు అందరి ముందూ చిన్నబోకూడదు అనుకుంటారు. ఈ రెండో మాటే బలమైనదని నా అనుమానం.

కానీ కొనిచ్చిన వస్తువులో పిల్లలకి తప్పు చేసే అవకాశం ఉండదు. తప్పు చెయ్యకపోతే ఎందుకు తప్పయిందన్న ప్రశ్న రాదు. ఆ ప్రశ్న రాకపోతే సైన్సు అనేది బట్టీ పట్టే పాఠం కిందే మిగిలిపోతుంది.

అందుకే ఈ సెలవుల్లో మీ పిల్లలతో ఇంట్లోనే ఫోటోగ్రఫీ సామాన్లు తయారు చేయించండి అని అడుగుతున్నాను. ఫోటోగ్రఫీయే ఎందుకంటే కారణం ఉంది. ఫోను ఎలాగూ మీ ఇంట్లో ఉంది, పిల్లల కళ్లు ఎలాగూ దాని మీదే ఉన్నాయి. దాన్ని లాక్కోవడం కంటే, వేలితో తోసుకుంటూ పోయే వస్తువుని పని చేసే పనిముట్టుగా మార్చడం తేలిక. పైగా చేసింది బాగుందో లేదో చెప్పడానికి టీచరు అక్కర్లేదు. ఫోటోయే చెప్పేస్తుంది.

వెలుతురు మనకి కొత్తేమీ కాదు

మన జిల్లాల వాళ్లకి ఈ పాఠం పుస్తకంతో మొదలుకాదు. ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే ఆ కొద్ది నిమిషాల కోసం తెల్లవారకముందే జనం బారులు తీరుతారు. మబ్బు పడితే నిరాశతో తిరిగొస్తారు. ఆ దర్శనం వెనక భక్తి ఉంది, దానితోపాటు లెక్క కూడా ఉంది. సూర్యుడు ఏ రోజుల్లో ఏ దిక్కున పొడుస్తాడో, ఆ కిరణం ద్వారాలు దాటి తిన్నగా ఎక్కడికి చేరుతుందో తెలిసినవాళ్లు కట్టిన గుడి అది.

ఇంకొకటి మీ పెరట్లోనే ఉంది. మిట్ట మధ్యాహ్నం మామిడి చెట్టు కింద నేల మీద గుండ్రటి వెలుతురు మచ్చలు పడతాయి. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు కదా, మరి మచ్చలు గుండ్రంగా ఎందుకున్నాయి? ఒక్కో సందూ ఒక్కో పిన్‌హోల్. ఆ మచ్చలు సూర్యుడి బొమ్మలు. అందుకే పాక్షిక సూర్యగ్రహణం రోజు ఎండ కాస్తే అవే మచ్చలు నెలవంకలుగా మారతాయి. 2019 డిసెంబరు 26న మన దగ్గర పట్టింది అలాంటి గ్రహణమే. హంపి వెళ్లినవాళ్లు విరూపాక్ష గుడిలో చీకటి గదిలాంటి చోట, గోడ మీద పెద్ద గోపురం నీడ తలకిందులుగా పడటం చూసే ఉంటారు. చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు చేసే పనే అది. సుమారు వెయ్యేళ్ల క్రితం ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్బు శాస్త్రవేత్త చీకటి గది, చిన్న రంధ్రంతో కాంతి నడకను పరీక్షించి రాశాడు. మన అమ్మాయి చెప్పుల పెట్టె ఆ వరుసలోదే.

ఇంట్లో చెయ్యగలిగిన నాలుగు

మొదటిది పిన్‌హోల్ కెమెరా. చెప్పుల పెట్టె ఒక చివర రూపాయి బిళ్లంత కన్నం కోసి, దాని మీద అన్నం కట్టే వెండి కాగితం ముక్క అంటించి, మధ్యలో గుండుసూదితో ఒక్క పోటు పొడవాలి. రంధ్రం అర మిల్లీమీటరుకీ ఒక మిల్లీమీటరుకీ మధ్య ఉంటే చాలు. రెండో చివర కోసేసి ట్రేసింగ్ పేపరో, నూనె రాసిన తెల్ల కాగితమో బిగించాలి. తల మీద దుప్పటి కప్పుకొని ఎండలో ఉన్న చెట్టు వైపు తిప్పితే కాగితం మీద బొమ్మ కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చేయించండి. 6 మీటర్ల ఎత్తున్న ఇల్లు 12 మీటర్ల దూరంలో ఉంది, పెట్టె పొడవు 20 సెంటీమీటర్లు అయితే బొమ్మ ఎత్తు ఎంత? 10 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి చూసుకోవచ్చు. నిష్పత్తుల పాఠం ఇంతకన్నా బాగా నేను బోర్డు మీద చెప్పలేను. ఒక్క హెచ్చరిక: పెట్టెతో అయినా, పెట్టె లేకుండా అయినా సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి.

రెండోది రిఫ్లెక్టర్. కిటికీ పక్కన చెల్లిని కూర్చోబెట్టి ఫోటో తీస్తే ముఖం ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి. చీకటి వైపు తెల్ల చార్టో, ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చిన థర్మాకోల్ పలకో పట్టుకుంటే ఆ చీకటి తగ్గిపోతుంది. దగ్గరకి, దూరానికి జరిపి నాలుగు ఫోటోలు తీయించండి. ఇది పిల్లల ఆటే అనుకోకండి. సత్యజిత్ రే ‘అపరాజితో’ 1956లో వచ్చింది. దానికి కెమెరామన్ సుబ్రత మిత్ర. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్‌గా వేస్తే, ఆకాశం నుంచి దిగే మెత్తటి వెలుతురు ఎలా తేవాలన్నది ఆయనకి సమస్య అయింది. సెట్టు పైన తెల్ల గుడ్డ కట్టించి, కింద నుంచి లైట్లు దాని మీదకి కొట్టి, తిరిగొచ్చిన వెలుతురుతో షూటింగు చేశారు. అంత గొప్ప సినిమాకి పనికొచ్చింది తెల్ల గుడ్డే.

మూడోది లైట్ బాక్స్. పెద్ద అట్టపెట్టెకి పైనా, రెండు పక్కలా కిటికీల్లా కోసి, వాటికి పాత తెల్ల పంచె ముక్కో, బటర్ పేపరో అంటించాలి. లోపల తెల్ల చార్టుని వెనక గోడ నుంచి నేల మీదకి మడత పడకుండా వంపుగా దించాలి. బయట రెండు పక్కలా జానెడు దూరంలో రెండు ఎల్ఈడీ బల్బులు. రెండూ ఒకే రకం ఉండాలి. ఒకటి తెలుపు, ఒకటి పసుపు అయితే ఫోటోలో రంగులు కలగాపులగం అవుతాయి. ఎందుకని పిల్లల్నే అడగండి. పాత రకం వేడెక్కే బల్బులు మాత్రం వద్దు, గుడ్డ అంటుకుంటుంది. అమ్మ కుట్టిన బ్లౌజులో, అత్త చేసిన పచ్చడి సీసాలో వాట్సాప్‌లో పెట్టి అమ్ముకునే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఆ ఫోటోల పని పిల్లలకి అప్పగించండి.

నాలుగోది బియ్యం సంచి. పాత ప్యాంటు కాలు ముక్క ఒక పక్క కుట్టి, అరకిలో బియ్యం పోసి, రెండో పక్క కుట్టేస్తే ఫోనుకి కుదురైన ఆసరా దొరుకుతుంది. పిట్టగోడ మీద పెట్టినా, బస్సు కిటికీ మీద పెట్టినా ఫోను కదలదు. చలికాలంలో తేలినీలాపురం వెళ్లి గూడబాతుల్నీ, కొంగల్నీ చూసే కుటుంబాలు ఇది పట్టుకెళ్లండి. చెయ్యి వణికి పాడైన ఫోటో పక్కన సంచి మీద పెట్టి తీసిన ఫోటో పెట్టి చూస్తే, కదలిక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. కట్టరు వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండండి. ఇంట్లో పడున్న పాత ఫ్లాష్ కెమెరాని విప్పనివ్వకండి. బ్యాటరీ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉండి షాకు కొట్టవచ్చు.

ట్రంకుపెట్టెలో ఫోటోలు

ఇవన్నీ చేసి ఏం తియ్యాలి అంటారా? నా సలహా ఒకటుంది. దానికి నా సొంత కారణం కూడా ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఇంటి పెంకులు లేచిపోయాయి. వాన నేరుగా అటక మీది ట్రంకుపెట్టెలో పడింది. పట్టుచీరలు ఆరబెట్టుకున్నాం, పుస్తకాలు కొన్ని దక్కాయి. ఆల్బం మాత్రం ఒకే అట్ట ముక్కలా అతుక్కుపోయింది. కంగారులో నేనే లాగాను. రంగు ఊడి వచ్చేసింది. మా తాతయ్య ఫోటో ఇంట్లో అదొక్కటే. అప్పటికే నా దగ్గర ఫోను ఉంది. అందులో బిర్యానీ ఫోటోలు, సెల్ఫీలు వందల్లో ఉన్నాయి. తాతయ్య ఫోటోకి ఒక్క కాపీ తియ్యాలని తోచలేదు. ఇప్పుడు ఆయన ముఖం గుర్తు చేసుకోవాలంటే మా అమ్మని అడగాలి.

సముద్రం పక్కన ఉండేవాళ్లం. చెమ్మ ఉంది, చెదలుంది, ఏటా అక్టోబరు వస్తే తుఫాను భయం ఉంది. మీ ఇంట్లో పాత ఫోటోలుంటే పిల్లలకి ఈ పని ఇవ్వండి. ఒక అట్టపెట్టె అడుగు తీసేసి, రెండు పక్కలు కిటికీల్లా కోసి, పైన ఫోను లెన్సుకి సరిపోయే కన్నం చెయ్యమనండి. ఫోటో నేల మీద, పెట్టె దాని మీద, ఫోను పెట్టె పైన. వెలుతురు రెండు పక్కల నుంచీ ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో రావాలి. అప్పుడు నిగనిగలాడే కాగితం మీద తళుకు పడదు. ఫ్లాష్ ఆపెయ్యాలి. బటన్ నొక్కేటప్పుడు కదలకుండా టైమరు పెట్టుకోవాలి. అద్దానికి అతుక్కున్న ఫోటోని లాగకుండా, అద్దంతోనే తియ్యాలి. నేను చేసిన పని చెయ్యొద్దని చెప్పండి.

తీశాక మామ్మగారిని పక్కన కూర్చోబెట్టుకొని ఇది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి రాసుకోమనండి. అందులో సైన్సు ఉంది, చరిత్ర ఉంది. మామ్మగారు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాయమంటే నా క్లాసుకి కావలసిన వ్యాసమూ ఉంది. ముందు అర్థమైన విషయానికి ఇంగ్లీషు మాటలు దొరుకుతాయి. ఆ రోజు నేను మార్కులు తగ్గించిన అమ్మాయికి నెల తిరక్కుండానే దొరికాయి.

మీరు అడగబోయే రెండు ప్రశ్నలు

‘ఇప్పటికే ఫోను వదలడం లేదు, మీరే ఇవ్వమంటున్నారేంటి?’ నిజమే. అందుకే గంట లెక్క పెట్టి ఇవ్వండి, డేటా ఆపేసి ఇవ్వండి. ఆ గంటలో ముప్పావు వంతు అట్ట కొయ్యడం, గుడ్డ అంటించడం, బల్బు జరపడంతోనే పోతుంది.

‘ఫౌండేషన్ క్లాసులు, టెస్టులు, వీటి మధ్య టైమెక్కడిది?’ ఇది కూడా న్యాయమైన ప్రశ్నే. ర్యాంకు కోసం ఈ పెట్టె చాలదు, చదవాల్సింది చదవాల్సిందే. అయితే కాంతి పాఠం పై తరగతుల్లోనూ వస్తుంది. అప్పటికి తలకిందులు బొమ్మను కళ్లతో చూసిన పిల్లలకి కిరణ చిత్రం గీయడం గీతల ఆటలా ఉండదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇవ్వండి, అంతే.

కొన్న వస్తువులు పనికిరావని కూడా నేను అనడం లేదు. పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో ఆయన అట్టపెట్టెతో మండపానికి వస్తే మీరు ఊరుకోరు. ఆయనకి మంచి ట్రైపాడ్, మంచి లైటు కావాలి. పదమూడేళ్ల పిల్లకి కావలసింది వేరు. పాడైతే బాధ లేని వస్తువు, మళ్లీ చెయ్యడానికి ఇంకో పెట్టె.

నా మాట, మీ మాట

నా వైపు నుంచి రెండు మాటలిస్తున్నాను. ఇకపై నా సబ్జెక్టు ప్రాజెక్టులకి మెరుపు చూసి మార్కులు వెయ్యను. కుదరని పెట్టెలు కూడా తెమ్మంటాను. ఏది ఎందుకు కుదరలేదో చెప్పినవాళ్లకే ఎక్కువ మార్కులు. వివరణ ముందు తెలుగులో చెప్పనిస్తాను, ఇంగ్లీషు ఆ తర్వాత.

మీ వైపు నుంచి మూడు కోరుతున్నాను. అట్టపెట్టె అడిగితే కాదనకండి, చెత్తలో వెయ్యకుండా దాచి ఉంచండి. వంకరగా అంటించినా మీ చేత్తో సరిచెయ్యకండి. ఆ వంకర వాళ్ల కంటికి కనిపించేదాకా ఆగండి, కష్టమే అయినా. చివరిగా, పని అయ్యాక "ఎన్ని మార్కులొస్తాయి?" అని కాకుండా "ఎలా చేశావమ్మా?" అని అడగండి. మీకు అర్థమయ్యేదాకా చెప్పించుకోండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి మీ పిల్లలు చేసిన పెట్టె, దానితో కాపీ తీసిన మీ ఇంటి పాత ఫోటో ఒకటి తీసుకురండి. ఫెవికాల్ మరకలున్నా పరవాలేదు. మామ్మగార్లనీ తాతగార్లనీ కూడా వెంట తీసుకురండి. ఈసారి వివరణ వాళ్లే వింటారు, నేను పక్కన నిలబడి మార్కులు వేస్తాను.

మీ
ఫిజికల్ సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం